అరవై రెండో లారీ

పొద్దున కాంటా సరిగ్గానే తూగుతది.
పొద్దు వంగినంక తప్పుతది.
మిర్యాలగూడ బైపాసు మీది మిల్లులో
మూడు రోజుల నుంచి ఇదే పంచాయితీ.

లోడ్ సెల్ మార్చిన.
కేబుల్ ఎలుక కొరికిందేమోనని కాంటా కింది గుంటలోకి పాకిన.
ఊక, గ్రీజు, ఎండిపోయిన తొండ ఒకటి.
తీగకు ఒక్క గాటు లేదు.
పైకొచ్చేసరికి రావులపెంట రైతు నిలబడి ఉన్నడు,
"రెండు క్వింటాళ్ళు ఏడ పోయినయక్కా?"
నేనే నమిలి మింగినట్టు.
ఎక్కువ తూగినోళ్ళు కూడా ఉండే ఉంటరు.
వాళ్ళెవరూ గొడవకు రాలేదు.

డబ్బాలో ఉన్నది పదకొండేండ్ల కింద నేను రాసిన అసెంబ్లీ.
అప్పుడు నాకు ఇరవై మూడు.
పక్కన కామెంట్లు రాసుడంటే నామోషీ.
ప్రింటు తీసి, బియ్యం బస్తా మీద పరిచి చదువుతున్న:

ముందు ఖాళీ బరువు పుష్.
దాని తర్వాత నిండు బరువు పుష్.
కాల్.
కాల్ ఉత్తగ పోదు, తిరిగి రావాల్సిన అడ్రసు
తనే ఒకటి పెట్టిపోతది.
లోపలికి దిగిన పని, పాత బీపీని దాచిపెట్టి
తనకంటూ ఒక మేకు కొట్టుకుంటది.
ఎస్పీ ఎటన్నా ఊగనీ, మేకు కదలదు.
మేకు నుంచి నాలుగు దూరంలో నిండు బరువు,
ఆరు దూరంలో ఖాళీ బరువు.
అందులోంచి ఇది తీసి, మిగిలింది ఏఎక్స్‌లో పెట్టి,
మేకు పీకి, రెట్.

తప్పు లేదు.
ఇంకోసారి చదివిన. చాయ్ చల్లారింది.
తప్పు లేదు.

బయట హమాలీ మేస్త్రి కేతావత్ హేమ్లా గొంతు.
లారీకి ఆనించిన ఎక్కుడుచెక్క అట్లనే ఉందని
గుమస్తా గులుగుతున్నడు.
"పనికొచ్చినోడే చెక్క తీసి పోవాలె. అది పద్ధతి."
"గా పద్ధతి సూర్యాపేటల, సేటూ.
ఈడ పిలిచినోడే తీస్తడు. మోసుడు వరకే మాది."
"మరి ఇద్దరం తీయకుంటే?"
"ఉంటది. రేపొచ్చినోడు తట్టుకొని పడ్తడు."

కాగితం మీద నా వేలు రెట్ దగ్గర ఆగింది.
రెట్ పక్కన నాలుగు అని రాస్తే, వచ్చినోడే తీసిపోయినట్టు.
ఒట్టి రెట్ అయితే పిలిచినోడు తీయాలె.
నేను ఒట్టి రెట్ రాసిన.
పైకి పోయి, పిలిచిన చోట చూసిన.
అక్కడా ఏమీ రాయలే.
సూర్యాపేట కాదు, మిర్యాలగూడ కాదు.

లారీకి నాలుగు బైట్లు.
ఒకటి ఖాళీదీ ఒకటి నిండుదీ, పని అయిపోయిన రెండు బరువులు,
ఎవరూ ఎత్తక అట్లనే పడి ఉన్నయి.
మెయిన్ లూపు ఎటూ తిరిగిపోయేది కాదు,
ఎస్పీ మళ్ళీ పైకి రాలే.
ఎదురుగా బస్తాల నిట్టు పైకి పెరుగుతది గానీ
చిప్పులో నిట్టు కిందికి పెరుగుతది,
మా దిక్కు బోర్ల లెక్క, నీళ్ళు పడ్డా పడకున్నా కిందికే.
రెండొందల యాభై ఆరు బైట్లు దాటితే తగిలేది
కాంటా సున్నా.
ఖాళీ కాంటా మీద ఏమీ లేదని గుర్తుపెట్టుకునే అంకె.
వేళ్ళ మీద లెక్కేసిన.
అరవై ఒకటో లారీ అంచు మీద తప్పించుకుంటది.
అరవై రెండోది సున్నాను తొక్కుతది.

మామూలు రోజుల్లో ముప్పై లారీలు.
రాత్రి స్విచ్ ఆపితే బాకీలన్నీ మాఫీ.
కోతలొస్తేనే బయటపడే తప్పు ఇది.

కాల్ కింద ఒక్క వరుస రాసిన: యాడ్ ఎస్పీ, నాలుగు.
చిప్పు కాల్చి పెట్టేసరికి రాత్రి రెండున్నర.
రావులపెంట బండి మళ్ళీ ఎక్కించినం,
రెండు క్వింటాళ్ళు వచ్చి కూర్చున్నయి.
ఆయన నాకు మొక్కబోయిండు.
నేను చెక్క దాటుకుంటూ పక్కకు జరిగిన.
అది ఇంకా అక్కడ్నే ఉంది.

తర్వాత గుమస్తాను పాత కాంటా రిజిస్టర్లు అడిగిన,
పదకొండు ఏండ్లవి,
అరవై ఒకటి దాటిన రోజులెన్నో చూద్దామని.
చెదలు పట్టినయన్నడు.
అట్లంటున్నప్పుడు బీరువా వైపు చూడలే.